చక్రాల డబ్బా

అతుకు కనబడిందంటే పనివాడు దొరికిపోయినట్టే. ఆ ఇంట్లో అది వేదవాక్కు. పలికింది తండ్రి, పాటించింది కూతురు, మూతి తిప్పింది మేనత్త. మనిషన్నాక ఎక్కడో ఒకచోట అతుకు కనబడక చస్తుందా అని ఆవిడ వాదన. ఆ వాదనకు ఆ ఇంట్లో విలువ లేదు గనక, ఆవిడ దాన్ని రోజూ వినిపించేది.

కూతురి అసలు పేరు ఇంట్లో ఎవరూ వాడరు. చిన్నప్పుడు తండ్రి ‘మేస్త్రీ’ అని పిలవడం మొదలుపెట్టాడు, అదే అతుక్కుపోయింది. ఇప్పుడామెకు జుట్టు సగం నెరిసింది. పళ్ళ డాక్టరు గారి వెనకగదిలో కట్టుడుపళ్ళు చేస్తుంది. ఆమె చేసిన పన్ను పక్కపన్నుతో కలిసిపోయి ఏది దేవుడిచ్చిందో ఏది ఆమె ఇచ్చిందో తెలియదని డాక్టరు గారే అంటారు. ఇంటికొస్తే మాత్రం మేస్త్రీయే.

ఆ మేస్త్రీగిరీ ఆదివారాల్లో మొదలైంది. తండ్రి యుద్ధంలో విమానాల మెకానిక్కు, యుద్ధం అయ్యాక బస్సు డిపోలో మెకానిక్కు. ఆదివారం పొద్దున్నే భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచేవాడు. దాని మీద బొమ్మల కొట్టులో కొన్న అట్టపెట్టె, అందులోంచి ప్లాస్టిక్ విమానం ముక్కలు. గమ్ము వాసన ఇల్లంతా పట్టేది. మేనత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కిటికీలు తెరుచుకుంటూ వచ్చేది, తండ్రి దుమ్ము పడుతుందని వెనకాలే మూసుకుంటూ వెళ్ళేవాడు. ఈ ఊరేగింపు ముగిసేసరికి చిన్న మేస్త్రీ రెక్క రెండు సగాలూ వేళ్ళతో నొక్కి పట్టుకుని, గమ్ము ఆరేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చునేది. ఆ తర్వాత పుట్టీ, దాని మీద గరుకు కాగితం, మళ్ళీ పుట్టీ, మళ్ళీ కాగితం. చివరకు తండ్రి కళ్ళు మూసుకుని బొటనవేలితో అతుకు మీద రాసి చూసేవాడు. వేలికి ఏమీ తగలకపోతే, “సెబాసు మేస్త్రీ!” అనేవాడు. ఆ ఒక్క మాట కోసం ఆ పిల్ల బడిలో ఇచ్చిన లెక్కలు కూడా చేయకుండా వదిలేసేది.

వాళ్ళు కట్టినవన్నీ ఒకే రకం విమానాలు. యుద్ధకాలంనాటి ఒంటి సీటు, ఒంటి పంకా ఫైటరు. యుద్ధంలో తండ్రి చూసుకున్న బండి అదేనట. ఈసారి పెద్ద ప్రయాణీకుల విమానం కడదాం నాన్నా అని పిల్ల ఎన్నిసార్లు బతిమాలినా, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు మళ్ళీ అదే పెట్టె తెచ్చేవాడు. పోనీ ఆ కుందేలుకు ఆ మూడు కాళ్ళైనా పెట్టాడా అంటే అదీ లేదు. రెక్కల కింద రెండు చక్రాలు, తోక కింద బుల్లి చక్రం ఒకటి పెట్టెలో వచ్చేవి. ఆయన వాటిని పక్కకు తీసేసి, పొట్ట కింద చక్రాలు ముడుచుకునే చోట తలుపులు మూసి గమ్ము పెట్టేసేవాడు. దారం కట్టి ఇంటికప్పుకు వేలాడదీసేవాడు.

“చక్రాలు పెడదాం నాన్నా, బల్ల మీద నిలబెట్టుకోవచ్చు.”

“ఎగిరేదానికి చక్రాలెందుకే?” అనేవాడు. అంతటితో ఆ మాట అయిపోయేది.

ఆ చక్రాలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో పడేవి. పిల్ల వాటిని దారానికి గుచ్చి రైలు చేసుకునేది. తర్వాత మేనత్త ఆ డబ్బాలోనే తెగిపోయిన బొత్తాలు వేయడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు డబ్బా ఊపితే ఏది చక్రమో ఏది బొత్తామో తెలియని చప్పుడు వచ్చేది.

తండ్రి మాటలపుట్ట. డిపోలో డ్రైవర్ల తగాదాలు, కండక్టర్ల కక్కుర్తి, యుద్ధంలో వంటవాడు ఉప్పుకు బదులు చాకలిసోడా వేసిన కథ చెబుతూ ఉంటే బల్ల చుట్టూ నవ్వులు. ఆయన చెప్పని కథ ఒక్కటే, ఆ బండి కథ. కాని మిగతా కథలే అంతులేనన్ని ఉన్నాయి కనుక, అదొకటి తక్కువైనట్టు ఎవరికీ తోచలేదు.

అలాంటి మనిషికి ముసలితనంలో కళ్ళలో నీటికాసులు వచ్చాయి. మొదట చూపు అంచులు పోయాయి, తర్వాత నడిమధ్యా పోయింది. చూపుతోపాటు మాట కూడా పోతుందని మాత్రం ఎవరూ అనుకోలేదు. కిటికీ పక్క కుర్చీలో ఉన్నికోటు వేసుకుని కూర్చుంటాడు. కోటు బొత్తాం వేళ్ళతో తిప్పుకుంటూ ఉంటాడు. అన్నం తిన్నావా అంటే ఊ, నిద్ర పట్టిందా అంటే ఊ.

“చూపంటే పోయింది, మాటేం పాపం చేసిందిరా తమ్ముడూ?” అని మేనత్త పోరేది. పోరిపోరి వంటింట్లోకి వచ్చి కళ్ళు ఒత్తుకునేది. “వాడి నోరు మూయించాలని నేను పడ్డ పాట్లు నీకు తెలుసు కదే. ఇప్పుడు ఒక్క మాట అంటాడేమోనని పక్కనే కాపలా కూర్చుంటున్నాను. నా మొహానికి ఇదో శిక్ష.”

అప్పుడే మేస్త్రీ నిశ్చయించుకుంది. ఆ బండే మళ్ళీ కట్టాలి. ఇదివరకటిలా అరచేతిలో పట్టేది కాదు, మోచేయంత పొడుగుది, నట్టుతో సహా అన్నీ ఉండేది. దాన్ని చేతుల్లో పెడితే నాన్న నోరు విప్పుతాడు. అంతకు మించి ఆమెకు దారి కనబడలేదు.

పెద్ద పెట్టె తెప్పించింది. పని నుంచి రాగానే భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచేది. తండ్రి పక్కగదిలో కుర్చీలో ఉండేవాడు. గమ్ము వాసన అక్కడిదాకా పోయేదే, ఆయన ఏమీ అనేవాడు కాదు. కాక్‌పిట్‌లో గడియారాలన్నిటికీ ముళ్ళు గీసింది, ఒంటి వెంట్రుక కుంచెతో. సీటుకు పట్టీలు, పట్టీలకు బకిల్సు, కుడిపక్క గేరు కర్రకు చివర ఎర్ర గుండు.

“చూపులేనివాడికి గడియారం ముళ్ళెందుకే?” అంది మేనత్త, కళ్ళజోడు పైకి తోసుకుని.

“నాకు చూపుంది కదా అత్తా.”

“ఉంది, అదే నీ జబ్బు,” అని ఆవిడ వెళ్ళిపోయింది.

చక్రాలు ఆమె చేతికొచ్చాయి. పెద్ద పెట్టె కాబట్టి అవీ పెద్దవే, నల్లగా, టైరు గాడులతో ముచ్చటగా ఉన్నాయి. ఆమె మరో ఆలోచన లేకుండా వాటిని బొత్తాల డబ్బాలో పడేసింది. పొట్ట కింద తలుపులు మూసి గమ్ము పెట్టింది. ఈ ఇంట్లో చక్రాలు పెట్టడం ఆమె ఏనాడు చూసింది గనక!

ఇక నునుపు చేయడం. ఆ పెట్టె ముక్కల మీద అచ్చులోనే రివెట్లు పోసి ఉన్నాయి, సన్నటి చుక్కల్లా. అతుకుల మీద పుట్టీ రుద్దుతూ వస్తుంటే అవి అరిగిపోయాయి. సగం అరిగినవి అసహ్యంగా ఉన్నాయని మిగతావి కూడా అరగదీసింది. రంగు వేసి, పాలిషు పట్టి, కళ్ళు మూసుకుని బొటనవేలితో రాసి చూసింది. ఏమీ తగల్లేదు. సెబాసు మేస్త్రీ అని తనకు తానే చెప్పుకుంది.

ఆదివారం పొద్దున తండ్రి ఒళ్ళో పెట్టింది. మేనత్త చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది.

ఆయన వేళ్ళు ముక్కు నుంచి తోక దాకా వెళ్ళాయి, రెక్కలు కొలిచాయి, వెనక్కి వచ్చాయి. చాలాసేపు అలాగే తడిమాడు.

“సబ్బుబిళ్ళా?” అన్నాడు.

“నాన్నా, నీ బండి.”

“ఓహో,” అన్నాడు ఆయన, మర్యాదగా. జాగ్రత్తగా దాన్ని ఆమె చేతికి తిరిగి ఇచ్చేసి, కోటు బొత్తాం పట్టుకున్నాడు.

ఆ మర్యాదే ఆమెను చంపేసింది. తిట్టినా బాగుండేది. వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చింది. ‘ఇన్నాళ్ళ నా కష్టం సబ్బుబిళ్ళా? ఎవరు నేర్పారు నున్నగా చెయ్యమని? నువ్వు కాదూ?’ అని లోపల్లోపల తండ్రితో పోట్లాడింది. మేనత్త ఈసారి ఒక్క ఎత్తిపొడుపు మాట కూడా అనలేదు. కుళాయి కట్టేసి, టీ గ్లాసు చేతిలో పెట్టి పోయింది.

మర్నాడు పనిలో ఉండగా ఒక పెద్దాయన కొత్త పళ్ళసెట్టు చేత్తో పట్టుకుని వచ్చాడు. అంగిలి వైపు అద్దంలా మెరిసిపోతోంది. కొత్తగా చేరిన అమ్మాయి చేసిన పని.

“చూడ్డానికి బెమ్మాండంగా ఉందమ్మా,” అన్నాడు, బోసినోటితో. “పెట్టుకుంటే మాత్రం నోట్లో గాజుపలక పెట్టినట్టుంది. నాలుక ఎక్కడ ఆనాలో తెలీదు. మాట జారిపోతోంది.”

మేస్త్రీకి ఇది తెలిసిన విషయమే. మనిషి అంగిలి మీద, ముందుపళ్ళ వెనక, సన్నటి ముడతలుంటాయి. నాలుక వాటిని తడుముకుంటూనే మాట్లాడుతుంది. అందుకే సెట్టు చేసేటప్పుడు మైనంతో ఆ ముడతలు మళ్ళీ పోస్తారు. ఆ అమ్మాయి పాలిషు మోజులో వాటిని అరగదీసేసింది. మేస్త్రీ ఆ సెట్టు తీసుకుని, మైనం వేడిచేసి, మొదటి ముడత పోస్తూ పోస్తూ ఆగిపోయింది. తలమీద మొట్టినట్టయింది. కళ్ళున్నవాళ్ళకు నునుపు అందం. వేళ్ళతో చూసేవాడికి నునుపంటే కటికచీకటి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి బట్టలైనా మార్చుకోకుండా బల్ల దగ్గర కూర్చుంది. సూది మొనతో చిక్కటి తెల్లగమ్ము తీసి చుక్క పెట్టింది. దాని పక్కన మరో చుక్క. ఆరాక ఒక్కోటీ ఆవగింజలో సగమంత లేచి నిలబడింది. లెక్క ప్రకారం అసలు విమానం మీద అవి రివెట్లు కావు, ఉసిరికాయలంత ఉంటాయి. కొలతలో వెంట్రుకవాసి తేడా వస్తే నిద్రపట్టని మనిషి, ఆ ఉసిరికాయలు వరసగా పేర్చుకుంటూ పోయింది. కాక్‌పిట్ మీది అద్దం మూతను కూడా గమ్ము ఊడదీసి, వెనక్కి జరిగేలా చేసింది.

మళ్ళీ ఆదివారం వచ్చేసరికి పనైపోయింది. మళ్ళీ తండ్రి ఒళ్ళో పెట్టింది. ఈసారి ఆయన వేళ్ళు ముక్కు దగ్గరే ఆగాయి.

“ఏమే, ఇదేంటి?”

“ఏంటి నాన్నా?”

“ముందువైపు ఇంతింత రివెట్లేంటే? ముక్కు నున్నగా ఉండాలి. పొట్టలు లేచినవి వెనకాల, తోక దగ్గర. ఎవడు పెట్టాడీ గుగ్గిళ్ళు?”

మేనత్త గుమ్మం పట్టుకుంది. ఎన్నాళ్ళ తర్వాతో ఆ ఇంట్లో ఆయన గొంతులో కోపం వినబడింది. మేస్త్రీకి నెత్తిన పాలు పోసినట్టయింది.

“నేనే పెట్టాను. తప్పైతే తీసేస్తాను.”

“తియ్యి. ఊఁ, తోక దగ్గర బాగానే ఉన్నాయి. కానీ ఇక్కడ అతుకేదే?” ఎడమరెక్క మొదట్లో ఆయన వేలు గుండ్రంగా తిరుగుతోంది. “ఇక్కడో పెద్ద అతుకుండాలి, నా అరచెయ్యంత. బిస్కెట్ల డబ్బా రేకు కత్తిరించి నేనే కొట్టాను. దీని వెనక మరోటి. తోకలో గుప్పెడు. నా బండి ఇంత కొత్తగా ఏనాడుందే?”

“అతుకు కనబడకూడదన్నావుగా నాన్నా!”

“బొమ్మకు కనబడకూడదు. నా బండికి కనబడకుండా ఎలా ఉంటుంది? పోయొచ్చిన ప్రతిసారీ చిల్లులతోనే వచ్చేది.”

ఇక ఆనకట్ట తెగింది. మేస్త్రీ టీపొట్లంలోని రేకు చించి అతుకులు కత్తిరిస్తుంటే, ఆయన వేలితో చోటు చూపిస్తూ ఒక్కో అతుకుకు ఒక్కో కథ చెప్పాడు. ఆ బండి నడిపిన పైలట్‌ను అందరూ ఈలబాబు అనేవారట. నేల మీద చక్రాలు ఆనగానే అద్దం మూత వెనక్కి తోసి ఈల వేసేవాడట. ఇంజను మోతలో ఆ ఈల ఎవరికీ వినబడదు. మూతి చూసి తెలుసుకోవడమే. దిగి, రెక్క మీద నిలబడి, “ఏం మేస్త్రీ, ఈసారి ఎన్ని అతుకులు?” అని అడిగేవాడట.

“మేస్త్రీ అనేవాడా? నిన్నా?” అంది ఆమె, కత్తెర ఆపి.

“నన్నే. ఆ పిలుపు ఊరికే పోవడం ఇష్టం లేక నీకిచ్చాను.”

ఇన్నేళ్ళూ తనది అనుకున్న పేరు ఇంకొకరి నోటి నుంచి వచ్చిందని ఆమెకు అప్పుడే తెలిసింది. చిన్నగా నవ్వుకుని, తర్వాతి అతుకు ఎక్కడ నాన్నా అని అడిగింది.

అతుకులన్నీ అయ్యాక ఆయన విమానాన్ని తిరగేసి పొట్ట తడిమాడు. మూసేసిన తలుపుల మీద వేలు ఆగింది.

“చక్రాలేవే?”

“ఎగిరేదానికి చక్రాలెందుకన్నావుగా,” అని ఆమె నీళ్ళు నమిలింది. లేచి పోయి బొత్తాల డబ్బా బల్ల మీద బోర్లించింది. చిన్ననాటి చక్రాలన్నీ దొర్లాయి. వాటిలో కొత్త బండివి వెతికితే తోక చక్రం దొరికింది, పెద్దది ఒక్కటే దొరికింది. రెండోది లేదు.

“అత్తా, ఇందులో నల్లటి చక్రం చూశావా?”

“చక్రమో బొత్తామో నాకేం తెలుసే? నల్లగా గుండ్రంగా ఉండి, నడుమ చిల్లు ఉంటే...” మేనత్త మాట మధ్యలో మింగేసింది. చూపు తమ్ముడి కోటు మీదకు, ఊడిన బొత్తానికి బదులు ఈమధ్య తాను కుట్టినదాని మీదకు పోయింది.

ఆయన అప్పటికే కోటు మీది బొత్తాన్ని దారంతో సహా పట్టుకుని ఉన్నాడు. “కత్తెర ఇలా ఇవ్వు,” అన్నాడు. పుటుక్కున తెంపి కూతురి అరచేతిలో పెట్టాడు. “కుట్టిన రోజే తెలిసింది. ఇన్నేళ్ళు టైర్లు పిసికినవాణ్ణి, టైరు గాడి వేలికి తెలియదా? నువ్వు ఆ బండే కడుతున్నావనీ తెలిసింది, చక్రాలు డబ్బాలో పారేశావనీ తెలిసింది. నేను నేర్పిందేగా. నువ్వు మొదట ఒళ్ళో పెట్టింది మాత్రం ఈ వేళ్ళకు నా బండిలా తగల్లేదు.”

“తెలిస్తే చెప్పొచ్చుగా నాన్నా! రోజూ ఇక్కడే కూర్చుని ఊ ఊ అంటూ!”

“చెబితే దింపాలి మరి.” ఆయన గొంతు తగ్గింది. “ఆ చివరిరోజు ఈలబాబును నేనే పంపించాను. చక్రాలు కదలకుండా అడ్డం పెట్టిన చెక్క దిమ్మలు తీసి, రెక్క తట్టి పంపించాను. మిగతా బండ్లన్నీ వచ్చాయి. నేను ఆ రెండు దిమ్మలూ చేత్తో పట్టుకుని మైదానం అంచున నిలబడ్డాను. పొద్దుగూకింది, పదరా అన్నారు అందరూ. పోలేదు. ఎక్కడ కూలిందో ఎవరూ చూడలేదు. చూడనప్పుడు కూలిందని నేనెందుకనుకోవాలి? ఇంకా గాల్లోనే ఉందనుకున్నాను. ఎన్ని కట్టినా గాల్లోనే ఉంచాను. చక్రాలు పెడితే దిగినట్టేగా. దిగలేదు మరి.”

మేస్త్రీకి ఇంటికప్పు గుర్తొచ్చింది. దారాలకు వేలాడుతూ, పంకా గాలికి కదులుతూ ఉండే ఆ విమానాలన్నీ గుర్తొచ్చాయి. వాటి కింద తను ఆడుకుంది, అన్నం తిన్నది, నిద్రపోయింది. అప్పుడంతా ఆయన పైకి చూస్తూ ఎదురుచూస్తూ ఉన్నాడన్నమాట.

“ఇప్పుడు పైకి చూసేందుకు కళ్ళు కూడా లేవు,” అన్నాడు తండ్రి. “ఎంతసేపని ఎగురుతాడే పాపం? దింపు మేస్త్రీ.”

మర్నాడు ఆమె పనిగది నుంచి పన్ను తొలిచే డ్రిల్లు ఇంటికి తెచ్చుకుంది. పొట్ట కింద తలుపులు తొలుస్తుంటే రెక్క చీలిపోతుందేమోనని మధ్యమధ్య ఆగి చూసుకుంది. పుచ్చుపన్ను తొలిచినంత మెల్లగా తొలిచింది. కాళ్ళు దింపి, ఒకవైపు డబ్బాలో దొరికిన చక్రం, రెండోవైపు కోటు మీది చక్రం, తోక కింద బుల్లిది పెట్టింది. కోటు చక్రానికి ఒకపక్క గాడులు కొంచెం అరిగి ఉన్నాయి. అది అలాగే ఉంచింది.

ఈలోగా తండ్రి బట్టల క్లిప్పు ఒకటి అడిగి తీసుకుని, దాని చెక్కను చాకుతో చివ్వుకుంటూ కూర్చున్నాడు. వేలు కోసుకుంటావురా అని మేనత్త అరిచింది. బస్సుల కింద పడుకుని బతికినవాణ్ణి, క్లిప్పు చేతిలో చస్తానా అక్కా అని ఆయన తిరిగి అరిచాడు. ఇద్దరూ సంతోషంగా పోట్లాడుకున్నారు. చివరకు ఆయన అరచేతిలో రెండు బుల్లి దిమ్మలు తయారయ్యాయి.

విమానాన్ని బల్ల మీద పెట్టింది మేస్త్రీ. ఆ ఇంట్లో ఒక విమానం తన కాళ్ళ మీద తాను నిలబడటం అదే మొదటిసారి.

“దిగిందా?” అన్నాడు తండ్రి.

“దిగింది నాన్నా.”

ఆయన లేచి, బల్ల అంచు పట్టుకుని వంగాడు. తడుముకుంటూ ఒక్కో చక్రానికీ దిమ్మ అడ్డం పెట్టి, కదలకుండా వేలితో నెట్టాడు. రెక్కను మెల్లగా తట్టాడు. అద్దం మూత వెనక్కి జరిపి, ఖాళీ సీటు మీద వేలికొన ఉంచాడు.

“దిగండి సార్,” అన్నాడు. “అతుకులు నేను చూసుకుంటాను.”